ఐదో చుట్టు

పెన్న పారినప్పుడు కాదు, పారి ఆగిపోయి మడుగులు మిగిలినప్పుడు మా నాన్న గాలం వేసేవాడు. ఎర్రలు తవ్వి, కొబ్బరి చిప్పలో తడిమన్ను పోసి దాచడం నా పని. పదేళ్ళు నిండకముందే బెండు ఎప్పుడు ఊరికే ఊగుతుందో, ఎప్పుడు చేప పట్టి ఊగుతుందో నాకు తెలిసిపోయింది. పెద్దమనిషినైన ఏడు మా అమ్మ నా గాలపు కర్రను విరిచి పొయ్యిలో పెట్టింది. ఆడపిల్ల ఏటి గట్టున కూర్చుంటే ఊరు నోరు మూసుకోదంది. ఆ పొయ్యి మీద వండిన సంగటి నేను ఆ పూట ముట్టలేదు. నా మొండితనం అప్పటి నుంచే ఉంది.

అలా పోయిన గాలం మళ్ళీ నా చేతికి కువైట్‌లో వచ్చింది, అదీ ఇరాక్ సైన్యం వచ్చిన ఎండాకాలంలో.

సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటాం. భర్త పోయిన మనిషి, ఒక్కడే కొడుకు, ఇంకా పెళ్ళి కాలేదు. సైన్యం వచ్చిన వారంలోనే చుట్టాలంతా కార్లు ఎక్కి సౌదీ వైపు వెళ్ళిపోయారు. మామా మాత్రం గుమ్మం దాటనంది. తల్లిని వదిలి కొడుకూ కదలలేదు. మన వాళ్ళు జోర్డాన్ బస్సుల కోసం ఎగబడుతున్నారు, నువ్వూ పో అని మామా నాకు రెండుసార్లు చెప్పింది. నన్ను ఉండమని బతిమాలి ఉంటే పోయేదాన్నేమో. పొమ్మంది కాబట్టి ఉండిపోయాను.

కొన్నాళ్ళకు దుకాణాల్లో బియ్యం, పప్పు తప్ప ఏమీ మిగల్లేదు. మామా కొడుకు బయటికి రావడానికి లేదు. ఆ వయసు కువైటీ మగవాళ్ళు కనబడితే చెక్ పోస్టుల దగ్గర దింపి తీసుకుపోతున్నారు. అతనికేమో గాలం పిచ్చి. ఒక బీరువా నిండా కర్రలు, రీళ్ళు, సీసం గుండ్లు. ఇంట్లో కూర్చుని వాటినే తుడిచేవాడు, విప్పేవాడు, మళ్ళీ బిగించేవాడు. ఒకరోజు నేను కర్ర పట్టుకుని బరువు చూస్తుంటే చూసి, "నీకు వచ్చా ఉఖ్తీ?" అన్నాడు. ఉఖ్తీ అంటే వాళ్ళ భాషలో అక్కా అని.

"నువ్వు పుట్టకముందు నుంచి వచ్చు" అన్నాను. అతనికంటే నేను పెద్దదాన్ని మహా అయితే అయిదారేళ్ళు. గొప్పలు చెప్పుకోవడంలో నాకు ఎవరూ సాటిరారు.

నల్లటి అబాయా వేసుకుని కర్ర చంకన పెట్టుకుని సముద్రం దారి పట్టాను. రాళ్ళ గట్టు దగ్గర కాపలా సైనికులు ఉన్నారు. పనిమనిషి, పైగా ఇండియా మనిషి అని వదిలేశారు, తిరిగి వచ్చేటప్పుడు ఒక చేప తమకివ్వాలని మాట తీసుకుని. మొదటి రోజు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి. మా ఊళ్ళో ఎద్దుకు పలుపు వేసే ముడి ఒకటుంది, ఎంత గుంజినా ఊడదు. కొక్కేనికి అదే వేశాను. కొబ్బరి పీచు పలుపుకు పనికొచ్చే ముడి నున్నటి నైలాన్ దారానికి పనికొస్తుందా? పెద్ద చేప పట్టింది, కర్ర వంగింది, ఆ తర్వాత దారం తేలిగ్గా వచ్చేసింది. కొస పంది తోకలా మెలి తిరిగి ఉంది. కొక్కెం చేపతో పాటు పోయింది.

ఆ కొసను చూసి అతను పడీపడీ నవ్వాడు. చప్పుడు బయటికి వినిపిస్తుందని మామా వచ్చి నోరు మూసింది.

"ఆవును కట్టేశావా?" అన్నాడు తల్లి చెయ్యి తప్పించుకుని.

"ఎద్దును" అన్నాను.

ఆ రోజు నుంచి వంటింట్లో నాకు చదువు మొదలైంది. కొక్కేన్ని కొళాయి పిడికి తగిలించేవాడు. దారం కొసను కొక్కెం కంట్లోంచి దూర్చి, దారం చుట్టూ దారాన్నే తిప్పుతూ పైకి లెక్కపెట్టేవాడు. వాహిద్, ఇత్నేన్, తలాతా, అర్బా, ఖమ్సా. ఐదు చుట్లు. నాలుగైతే జారుతుంది, ఆరైతే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. చివర్లో కొసను కింది సందులోంచి తెచ్చి, బిగించే ముందు ముడిని పెదవుల మధ్య పెట్టుకుని ఉమ్మితో తడపాలి. "తడపకుండా లాగితే రాపిడికి దారం కాలిపోతుంది. పైకి కనబడదు. చేప పట్టినప్పుడు తెలుస్తుంది" అనేవాడు. నేను తప్పు చేస్తే కత్తిరించి మళ్ళీ మొదటి నుంచి కట్టించేవాడు. పక్క గదిలో మామా జపమాల తిప్పుకుంటూ మా లెక్క వింటూ ఉండేది.

హమూర్ అనే చేప సంగతి కూడా ఆ వంటింట్లోనే నేర్చుకున్నాను. మన పండుగప్ప లాంటి రుచి, కాకపోతే ఒంటి నిండా గోధుమ రంగు మచ్చలు. రాళ్ళ సందుల్లో దానికొక ఇల్లు ఉంటుంది. గుమ్మంలోంచి ఎరను చప్పున అందుకుని వెంటనే వెనక్కి తిరుగుతుంది. తిరిగి లోపలికి దూరిందా, మొప్పలు ఉబ్బించుకుని కూర్చుంటుంది, ఇక బయటికి రాదు. అందుకని అది తిరగకముందే తల పైకెత్తాలి. "దాన్ని ఇంట్లోకి పోనివ్వకు" అనేవాడు ప్రతిసారీ. నెమ్మదిగా చెయ్యి కుదిరింది. సైనికులకు ఒకటి ఇచ్చి మిగిలినవి తెచ్చేదాన్ని. మామా లవంగాలు, ఎండు నిమ్మకాయ వేసి అన్నం వండేది. బయట దేశం మునిగిపోతున్నా ఆ పూటల్లో మేం ముగ్గురం కడుపు నిండా తిన్నాం. ఈ మాట చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఒకరోజు పొద్దెక్కాక అతను కొళాయి దగ్గర మర్నాటికి కొక్కెం కడుతున్నాడు. నేను పక్కన ఉల్లిపాయలు తరుగుతున్నాను. అర్బా అన్నాడు. వీధి తలుపు పగిలేలా కొట్టారు. అతను నా మొహం చూశాడు. చేతిలో ఉన్న నాలుగు చుట్లూ విడిపోకుండా రెండు వేళ్ళతో నొక్కి నా వేళ్ళకు అందించాడు, "పట్టుకో, ఇప్పుడే వస్తా" అన్నట్టు. చేతులు ఒంటికి తుడుచుకుని తల్లి గదిలోకి వెళ్ళాడు. వాళ్ళు అక్కడి నుంచే తీసుకుపోయారు. మామా గుమ్మం చెక్క పట్టుకుని అరిచిన అరుపు ఆ గోడల్లో ఇంకా ఉందని నా నమ్మకం. రాళ్ళలో దూరిన హమూర్‌ను ఎవరూ లాగలేరు. ఇంట్లో దాక్కున్న మనిషిని మటుకు లాక్కుపోయారు.

నేను ఆ ముడి వదల్లేదు. వేళ్ళు తిమ్మిరెక్కినా పట్టుకునే ఉన్నాను. చివరికి మామా వచ్చి, బట్టల తీగ మీది ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి తెచ్చి ఆ నాలుగు చుట్ల మీద పెట్టింది. "ఎవరూ ముట్టొద్దు. వాడొచ్చి బిగిస్తాడు" అంది. కర్రను వంటింటి తలుపు వెనక నిలబెట్టాం. క్లిప్పు దానికి వేలాడుతూ ఉండిపోయింది.

తర్వాత సముద్రం ఒడ్డున ముళ్ళతీగ వేశారు, ఇసుకలో మందుపాతరలు పెట్టారు. చలికాలం పోయే వేళకి సైన్యం పోయింది. నూనెబావులు తగలబడి పట్టపగలు దీపాలు పెట్టుకున్నాం. ఖైదీలను వదిలిన ప్రతిసారీ మామా వీధి తలుపు తీసి కూర్చునేది. పక్కవీధి వాళ్ళ అబ్బాయి వచ్చాడు, ఎదురింటి ఆయన వచ్చాడు. మా తలుపు దగ్గరికి ఎవరూ రాలేదు. ఏళ్ళు గడిచాయి. ఇంటికి సున్నం వేయించినప్పుడు పనివాడు ఆ కర్రను జరపబోతే మామా వాడి మీద చెప్పు విసిరింది. ఆ మూల గోడకు ఇప్పటికీ పాత రంగే ఉంది. ముడి బిగిస్తే కొడుకు ఇక రాడని ఒప్పుకున్నట్టు. విప్పినా అంతే. చేప మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ వండలేదు.

నన్ను పట్టిన దయ్యం వేరే. ఏ మూట కట్టినా, చెత్త సంచి మూతి తిప్పినా నా లోపల అతని గొంతు లెక్కపెట్టేది. అర్బా దగ్గర ఆగేది. నా చెయ్యీ ఆగేది. ఊరికి పోయినప్పుడు మా నాన్న ఎద్దుకు పలుపు మెలితిప్పుతుంటే కూడా ఆ గొంతు వినబడింది. కాసేపు నిజంగా భయపడ్డాను.

ఒడ్డున మందుపాతరలు ఏరేసి చాలా కాలం అయ్యాక, శుక్రవారం సెలవు పూట మళ్ళీ గాలం పట్టాను. పక్కింటి డ్రైవరు జగిత్యాల మనిషి, అతను వస్తుంటే వెంట వెళ్ళాను. మామాకు తెలియకూడదని నా కర్రను అతని కారు డిక్కీలోనే పెట్టేదాన్ని, పట్టిన చేపలు అతనికే ఇచ్చేసేదాన్ని. ఈ మధ్యలో సామానంతా మారిపోయింది. హవల్లీలో గాలాల దుకాణానికి వెళ్తే అమ్మేవాడు "మీ ఆయనకా?" అన్నాడు. ఊళ్ళో ఉన్న మా ఆయనకు పులుసు తినడం మటుకే తెలుసు, చూపించు అన్నాను. సాగని అల్లిక దారం వచ్చింది. చేప ఎరను ముట్టినా వేలికి తెలుస్తుంది, కానీ రాయికి రాసుకుంటే పుటుక్కున తెగుతుంది. అందుకని చివర్లో మందపు నైలాన్ బారెడు వెయ్యాలి. గుండ్రంగా లోపలికి వంగిన కొక్కేలు వచ్చాయి. వాటికి పెన్నలో పరక చేపలకు కొట్టినట్టు కర్రను పైకి కొడితే చేప పోతుంది. కొట్టకుండా నింపాదిగా రీలు చుడితే పెదవి మూలకు అదే దిగుతుంది. ఆ కొట్టే అలవాటు మానుకోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది. పాత నైలాన్ ఎండకూ వేడికీ పెళుసైపోతుందని, ఏడాదికోసారి మార్చాలని కూడా అక్కడే తెలిసింది. ఆ మాట విన్న రోజు మా తలుపు వెనక ఉన్న దారం గుర్తొచ్చింది.

అన్నీ నేర్చుకున్నాను, ఒక్క ముడి తప్ప. అది డ్రైవరు చేత కట్టించేదాన్ని.

"అక్కా, గింత మంచిగ గాలమేస్తవు. గా కొక్కెం మాత్రం నాతోని కట్టిపిస్తవేంది?" అని అడిగాడొకసారి.

"నీకేదో ఒక పని చెప్పాల గదప్పా. లేకుంటే కూచ్చోని ఫోన్ చూచ్చాంటావు" అన్నాను. అతను మళ్ళీ అడగలేదు. మంచివాడు.

ఒక ఏడు, తప్పిపోయినవాళ్ళ జాడ వెతికే ఆఫీసు వాళ్ళు వచ్చి మామా బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఉమ్మి పట్టుకుపోయారు. ఆ తర్వాత చాలా రోజులకు ఫోను వచ్చింది. ఇరాక్ ఎడారిలో ఒక గోతిలో దొరికిన ఎముకల్లో కొన్ని మా ఇంటివేనట. తల్లి ఉమ్మి కొడుకును గుర్తుపట్టింది. పూడ్చిపెట్టడం, పరామర్శలకు వచ్చే ఆడవాళ్ళకు కాఫీలు పోయడం అన్నీ అయ్యాయి. మామా ఏడవలేదు. ఏడ్చేదంతా ముందే ఏడ్చేసింది.

జనం పలచబడిన రోజు నన్ను వంటింట్లోకి పిలిచింది. కొళాయి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. తలుపు వెనక ఉన్నదాన్ని తెమ్మంది. ఆ దారం ఏమవుతుందో నాకు తెలుసు, ఆమెకు తెలియదు. తెచ్చాను. క్లిప్పు నొక్కగానే పొడిపొడిగా రాలిపోయింది. దారం పసుపు తిరిగింది, నాలుగు చుట్లూ అలాగే ఉన్నాయి. మామా తన చేత్తోనే కొస పట్టుకుని ఐదో చుట్టు తిప్పబోయింది. వంచినచోట టప్పున విరిగింది.

ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుంది.

"ముసలిదైపోయింది" అంది.

"అవును మామా."

"నీ దగ్గర కొత్తది ఉంది కదా, తీసుకురా."

కొత్తదేమిటి, ఎక్కడిది అని ఏదో అన్నాను. "ప్రతి శుక్రవారం నీ చేతులు సముద్రం వాసన వేస్తాయి. నా తండ్రి పడవ మీద బతికిన మనిషి. ఆ వాసన నాకు తెలియదనుకున్నావా? వెళ్ళి తే. హమూర్ తిని చాలా కాలమైంది" అంది.

పరుగున వెళ్ళి డ్రైవరు కారులోంచి తెచ్చాను. మామా కొడుకు పాత కొక్కేన్నే నూనె గుడ్డతో తుడిచి కొళాయి పిడికి తగిలించాను. దారం దూర్చాను. గట్టిగానే మొదలుపెట్టాను. వాహిద్. ఇత్నేన్. తలాతా. అర్బా.

అక్కడ గొంతు ఆగిపోయింది. చెయ్యీ ఆగింది. ఆ నాలుగు చుట్లను వేళ్ళతో నొక్కి పట్టుకుని అలాగే నిలబడిపోయాను, ఆ రోజు నిలబడినట్టే.

"ఖమ్సా" అంది మామా.

ఐదో చుట్టు తిప్పి, కొస తెచ్చి, ముడిని ఆమె పెదవుల దగ్గర పెట్టాను. తడిపింది. లాగాను.