మా వియ్యంకుడు తోసిన పల్లికాయలు

పోకర్‌లో గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా నన్ను ఓడించినవాడు లేడు, వనపర్తిలో మా వియ్యంకుడు తప్ప. నిజానికి నేను ఆడింది ఆయనతోనే.

పందెం పల్లికాయలు. చేతికి రెండేసి ముక్కలు వచ్చాక, మధ్యలో ముక్కలు తెరవకముందే ఆయన ఎప్పుడూ మూడు కాయలు ముందుకు తోసేవాడు. మంచి ముక్కలైనా అంతే, చెత్తవైనా అంతే. నేనేమో ఆసు కనబడితే గుప్పెడు పోసేవాణ్ని.

“నీకేమొచ్చినయో నీ గుప్పెడే చెప్తది బావా,” అని నవ్వేవాడు.

పుట్టిన మనవరాలికి మా అమ్మ పేరా, మా వియ్యంకుడి అమ్మ పేరా అన్నది తేలలేదు. పిల్లలు మీరే చూసుకోండన్నారు.

“ఒక్క ఆట ఆడుదం. గెలిచినోళ్ల అమ్మ పేరు,” అన్నాను.

ముక్కలు చూసుకుని ఆయన కుప్పంతా ముందుకు తోసేశాడు. ఎప్పుడూ మూడు కాయలు దాటనివాడు. ఆ పేరు ఆయనకెంత కావాలో అప్పుడు తెలిసింది. నా ముక్కలు బోర్లా పడేసి ఆట వదిలేశాను.

“ఏమొచ్చినయి బావా?”

“రెండు ఆసులు. పోనీలే, మీ అమ్మ పేరే పెట్టు.”

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పోయేదాకా, ఏ పెళ్లికెళ్లినా నా పెద్దమనసు గురించే చెప్పాడు.

నాకొచ్చినవి ఒక రెండు, ఒక ఏడు. ఆ ఆటలో అంతకన్నా చెత్త ముక్కలు లేవు.