సముద్రంలోంచి రాని నెలవంక

నవ్వొస్తే మీద పడుతుంది, ముందు ఆ టీ కప్పులు కింద పెట్టండి. మొన్న రంజాన్ నెలవంక నా వీపు వెనకాలే వచ్చి, నా వీపు వెనకాలే వెళ్ళిపోయింది! కెమెరా ఉంది, ట్రైపాడ్ ఉంది, సెట్టింగ్స్ అన్నీ పర్‌ఫెక్ట్!

మా ఆఫీసులో నా పక్క సీటు రఫీ. వాళ్ళిల్లు వైజాగ్ వన్‌టౌన్‌లో. వాళ్ళమ్మని నేను పెద్దమ్మా అంటాను. ఆవిడ ఏటా మేడెక్కి అందరికంటే ముందు నెలవంకని పట్టేస్తుంది. కుర్రాళ్ళు "ఎక్కడ, ఎక్కడ" అంటూండగానే ఆవిడ చేతులెత్తి దువా చేసుకోవడం కూడా అయిపోతుంది. ఏం చూపండీ బాబూ అది! ఈ ఏడాది మాత్రం మోకాళ్ళు మొరాయించాయి.

"ఈపాలి మేడెక్కలేను బాబూ. నువ్వు పోటో తీసి పంపితే టీవీలో పెద్దగా సూసుకుంటాను," అంది.

నేను పొంగిపోయాను. "చందమామ మీద గోతులు కూడా లెక్కెట్టుకుందువు గాని పెద్దమ్మా!" అని మాటిచ్చేశా.

పున్నమి చంద్రుడు నాకు కొట్టిన పిండి మరి. బీచ్‌కెళ్ళడం, సముద్రంలోంచి ఎర్రగా లేచేవాణ్ణి ఓడల మీదుగా తీయడం, ఆఫీసు గ్రూపులో పెట్టి పొగిడించుకోవడం. అబ్బ, ఎన్నిసార్లు చూసినా ఆ అందానికి నోట మాట రాదు! పున్నమికైతే కెమెరాకి వెలుగు పట్టే ఐఎస్‌ఓ వంద పెట్టి, షటర్ స్పీడు నూటపాతికలో కొట్టేస్తే చాలు. నెలవంక సన్నం, వెలుగు తక్కువ, షటర్ నెమ్మదించాలి. వీడియోలు చూసి అదీ నేర్చేసుకున్నా.

పొద్దు వాలకముందే బీచ్‌లో ట్రైపాడ్ వేశా. ఐఎస్‌ఓ ఎనిమిది వందలు. ఆటో ఫోకస్ తీసేసి, లంగరేసిన ఓడ దీపం మీద చేత్తో ఫోకస్ పెట్టా. నొక్కినప్పుడు కెమెరా కదలకుండా టైమర్ కూడా! మరమరాలతో మురీ మిక్చర్ కలిపే బండతను వచ్చి, "ఏటి తీత్తన్నారు సార్?" అన్నాడు. "నెలవంక" అన్నా గొప్పగా. అతను పక్కన నిలబడ్డాడు. అతన్ని చూసి ఇంకో నలుగురు. అందరం సముద్రంకేసే చూస్తున్నాం. నా సామాను చూశాక ఎవరికీ అనుమానం రాలేదు!

అంతలో రఫీ ఫోన్.

"బావా, సూశావా? ఎంత సన్నగా, ఎంత ముద్దుగా ఉందో!"

"ఇంకా లేవలేదు కదరా!"

"లేవడమేటి? నువ్వెటు సూత్తన్నావు?"

"సముద్రం వైపు."

"బావా, నెలవంక పడమటేపు కదా కనబడతాది! సూర్యుడు దిగినేపు! ఎనక్కి తిరుగు!"

తిరిగాను. అన్నీ అపార్ట్‌మెంట్లే! ట్రైపాడ్ భుజాన వేసుకుని రోడ్డు దాటి, సందులంట పరిగెత్తా. ఒక సందు చివర వాటర్ ట్యాంకు, ఇంకో సందు చివర హోర్డింగు. చివరికి ఆకాశం కనబడే చోటు దొరికేసరికి నెలవంక కొండ వెనక్కి దిగిపోయింది. ఏం చెయ్యను చెప్పండి, వైజాగ్‌లో పుట్టినవాడికి చందమామంటే సముద్రంలోంచే రావాలి కదా!

ఆ మొహమేసుకుని రఫీ ఇంటికెళ్ళా. పెద్దమ్మ ఏడాదంతా ఎదురుచూసే నెలవంకని నేనే పోగొట్టాను కదా!

చూస్తే ఆవిడ హాయిగా సేమ్యా వేయిస్తోంది. నాతో ఫోన్ పెట్టేసిన మరుక్షణం, ఇక నా ఫోటో రాదని రఫీ, వాళ్ళ తమ్ముడూ కలిసి ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి మోసేశారట. వీళ్ళు వేలు చూపించేలోపే ఆవిడ చూసేసిందట! ఆ కొడుకులకీ, ఆ కళ్ళకీ దండం పెట్టాలనిపించింది.

"మరి నీ పోటో ఏదీ?" అంది. చూపించక తప్పలేదు. చీకటి సముద్రం, మధ్యలో ఓడ దీపం. కళ్ళజోడు సర్దుకుని శ్రద్ధగా చూసింది.

"దీపం భలే తెలత్తంది బాబూ. దిగులెట్టుకోకు. పైయేడు ఆ కుర్సీలో నిన్ను కూకోబెట్టి మేడెక్కిత్తాం. పడమటేపు తిప్పి మరీ!"

కొడుకులిద్దరూ నా బొజ్జకేసి చూశారు. "మా వల్ల కాదమ్మీ, బావని బీచ్‌లోనే వదిలేద్దాం!"