పన్నెండో పేరు

ఇంకా పునాది కూడా తవ్వని ఒక మేడకి ఒక మనిషి తాళం వేశాడు. కుర్చీలోంచి లేవలేదు, చేతిలో తాళంచెవి లేదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటి కదిపాడు, అంతే, మూడు వందల మంది వీధిన పడ్డారు. వాళ్ళందరికంటే ముందు పడ్డవాడు ఆ తాళం వేసినవాడే.

మూడు వందలంటే ఎవరూ నమ్మరు కాబట్టి పన్నెండు మంది అనుకుందాం. మేడ కూడా మేడ కాదు, ఒక ఆఫీసు, అదీ కాగితం మీద. వేలు మాత్రం నిజం. ఆ వేలి గోరు పక్కన ముప్ఫై ఏళ్ళ నాటి నల్లసిరా మచ్చ ఒకటుంది. అదీ నిజమే.

ఆ మనిషిని అందరూ తాళాలాయన అనేవారు. ఇళ్ళకీ, దుకాణాలకీ ప్లాన్లు గీసే ఆఫీసులో ఆయన చేరినప్పుడు వాలుబల్ల, పొడుగు స్కేలు, ఇంకుపెన్ను ఉంటే చాలు. ఆయన గీసిన మెట్లు చూస్తే ఎక్కాలనిపిస్తుందని పెద్దసారు నలుగురిలో చెప్పేవాడు. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. అందరి మెట్లూ ఒకేలా తయారయ్యాయి. తాళాలాయన చెయ్యి ఖాళీ అయిపోయింది.

ఖాళీ చెయ్యి ఊరుకోదు కదా. ఆఫీసు ప్లాన్లన్నీ దాచడానికి ఒక నల్లపెట్టె కొన్నారు. చెప్పుల డబ్బాకంటే కాస్త పెద్దది, ముందు నాలుగు పచ్చదీపాలు, మంచినీళ్ళ ఫిల్టరు పక్కన చెక్క అల్మరాలో దాని కాపురం. వైరు తగిలిస్తే అందరి కంప్యూటర్లకీ అదే భోషాణం. ఎవరు ఏ ఫోల్డరు చూడొచ్చు, ఎవరు దిద్దొచ్చు, ఎవరు దాని వైపు కన్నెత్తకూడదు అన్నది పెట్టె లోపల ఎవరో ఒకరు రాసి పెట్టాలి. దాన్నే పర్మిషన్ అంటారు. కుర్రకారు ఎవరూ ఆ తలనొప్పికి ముందుకు రాలేదు. ఈయన పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకాన్ని నెలరోజులు చదివి, దానికి కాపలాదారయ్యాడు.

ఆ రోజు నుంచీ పొద్దున్నే ఒకటే పాట.

“బాబాయ్, నిన్న తెరుచుకున్న ఫోల్డరు ఇవాళ తెరుచుకోవట్లేదు!”

“నువ్వు నిన్న మంచివాడివేమో!”

అలా ఎగతాళి చేస్తూనే వెళ్ళేవాడు. అయిదు నిమిషాల్లో తెరిపించేవాడు. ఆయనకి మూడు నియమాలుండేవి. విడిగా మనిషికి పర్మిషన్ ఇవ్వకూడదు, గ్రూపు కట్టి గ్రూపుకే ఇవ్వాలి. ఇచ్చాక ఒకసారి మామూలు మనిషిలా తన సొంత పేరుతో లోపలికెళ్ళి సరిచూసుకోవాలి. పెట్టె తాళాలన్నీ తన దగ్గరే ఉన్నా పరాయి కాగితం చదవకూడదు. వీటితో పాటు ఎవరు ఆగినా వినిపించే ముక్క ఒకటుంది.

“పది గ్రూపుల్లో నీకు ఔననే టిక్కు ఉండనీ. పదకొండో దాంట్లో వద్దని ఒక్క టిక్కు పడిందా, తలుపు మూసుకున్నట్టే. పెట్టె దృష్టిలో ‘వద్దు’ ఎప్పుడూ ‘ఔను’ కంటే పెద్దది.”

“మా ఇంట్లో మా ఆవిడ మాటా అంతే,” అనేవారు వినేవాళ్ళు.

పెద్దసారు పోయాక కుర్చీ కొడుకుదయింది. చిన్నసారు నిక్కరు వేసుకునే రోజుల నుంచీ ఈయన్ని మామయ్యా అనేవాడు. ఈయన చెక్కిచ్చిన పెన్సిళ్ళతోనే మొదటి గీత గీశాడు. ఒక సోమవారం ఆ చిన్నసారు గదిలోకి పిలిచి ఒక కాగితం ముక్క చేతిలో పెట్టాడు.

“మామయ్యా, ‘కొత్త ఆఫీసు’ అని ఒక ఫోల్డరుంది. ఇప్పుడే పెట్టాం. అందరికీ కనబడుతుంది. ఈ పదకొండు మందికీ కనబడకూడదు. ఎందుకని అడక్కండి.”

తాళాలాయన చదివాడు. అందరూ యాభై దాటినవాళ్ళే, ఒకప్పుడు చేత్తో గీసినవాళ్ళే. మొదటి పేరు అక్కది. సొంత అక్క కాదు, ముప్ఫై ఏళ్ళు పక్క బల్ల మీద పనిచేసిన మనిషి. ఈయన కంటే రెండేళ్ళు పెద్ద, నోరు నాలుగేళ్ళు పెద్ద. చివరిదాకా చదివి ఇంకోసారి చదివాడు. తన పేరు లేదు. గుండెల మీంచి ఒక బండ దిగినట్టయింది. ఆ తేలికదనానికి ఆ క్షణాన సిగ్గుపడలేదు. సిగ్గు తర్వాత వచ్చింది, తీరిగ్గా.

పేర్లు ఒక్కొక్కటే ఎక్కించడం ఆయన నియమానికి విరుద్ధం. పాత చేతిప్లాన్లు స్కాన్ చేసినప్పుడు వాటిని దిద్దడానికి తనే కట్టిన గ్రూపొకటి ఉంది, ‘పాతవాళ్ళు’ అని. ఆ పదకొండు మందీ అందులోనే ఉన్నారు. ఇంకేం, గ్రూపు మొత్తానికీ ‘వద్దు’ దగ్గర టిక్కు పెట్టాడు. వేలు ఒక్కసారి కదిలింది. పని సొగసుగా కుదిరిందని మనసులో మురిసిపోయాడు కూడా.

మర్నాడు అక్క పిలిచింది.

“తమ్ముడూ, కొత్త ఆఫీసు బొమ్మ నాకు రావట్లేదేమిటి? ఆ కుర్రదానికి వస్తోంది, నా కంప్యూటరుకేం రోగం?”

“పెట్టె ముసలిదైపోయిందక్కా. చూస్తాలే.”

“ముసలిదైతే అందరికీ ముసలిదవ్వాలిగా? నాకొక్కదానికేనా?”

దొంగకి తేలు కుట్టినట్టు నవ్వి వచ్చేశాడు. బుధవారం ఇద్దరడిగారు, గురువారం నలుగురు. వైరన్నాడు, కరెంటన్నాడు. ఇంట్లో భార్య మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “ఏమిటలా ఉన్నారు?” అంటే, “ఏం లేదు, ఆఫీసులో ఒక తలుపు పట్టేసింది,” అన్నాడు.

శుక్రవారం గానీ రెండో నియమం గుర్తు రాలేదు. ఇంత అనుభవంలో మొదటిసారి సరిచూసుకోవడం మరిచాడు. సొంత పేరుతో ఫోల్డరు నొక్కాడు. “మీకు అనుమతి లేదు” అంది తెర.

మళ్ళీ నొక్కాడు. వైరు పీకి పెట్టాడు. పెట్టె ఆపి, నాలుగు దీపాలూ పచ్చబడేదాకా కాచుకుని మళ్ళీ నొక్కాడు. పూటంతా వెతికి వెతికి, చివరికి ‘పాతవాళ్ళు’ గ్రూపు తెరిచాడు. పన్నెండు పేర్లు. అన్నిటికంటే పైన తనది. గ్రూపు కట్టినవాడు ముందు తన పేరే రాసుకుంటాడు కదా, అప్పుడది గౌరవం.

ముందు నవ్వొచ్చింది. వెంటనే చిన్నసారు గదికి వెళ్ళాడు.

“బాబూ, చిన్న పొరపాటు. ఆ ‘వద్దు’లో నా పేరు కూడా పడిపోయింది. తీసేస్తాను.”

చిన్నసారు తెర మీంచి తల ఎత్తలేదు. “ఉండనివ్వండి మామయ్యా. సరిగ్గానే ఉంది.”

“కాగితంలో పదకొండే ఉన్నాయి కదా.”

“పన్నెండోది రాస్తే మీరు చేసేవారా?”

పెన్సిళ్ళు చెక్కిచ్చిన చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది.

“నెలాఖరుకి పన్నెండు మందికీ ఒకేసారి చెబుదామనుకున్నా. మీరు కంగారు పెట్టకండి. పెట్టె పాస్‌వర్డు సోమవారం మా బావమరిదికి రాసిచ్చెయ్యండి, చాలు.”

బయటికొచ్చేసరికి ఫిల్టరు దగ్గర అక్క సీసా నింపుకుంటోంది. మొహం చూసి, “నీకూ రావట్లేదా?” అంది.

ఆయన తలూపాడు.

“నాకు తలుపు మూశారని నీకు సోమవారమే తెలుసు. నా మొహం చూడకుండా నీళ్ళు పట్టుకుని పోయావు చూడు, అప్పుడే అనుకున్నా. నీకూ మూసుకోకపోతే చెప్పేవాడివేనా తమ్ముడూ?”

“నీ కంప్యూటరు దగ్గరికి పద. అందర్నీ పిలు,” అన్నాడు.

పాస్‌వర్డు ఇంకా రెండు రోజులు ఆయనదే. ‘వద్దు’ మీద టిక్కు తీసేశాడు. ఫోల్డరు తెరుచుకుంది. పరాయి కాగితం చదవకూడదన్న మూడో నియమం అక్కడ తీరిపోయింది. పన్నెండు తలలు ఒక్క తెర మీదికి వంగాయి.

కొత్త ఆఫీసు ప్లాను. గాలీ వెలుతురూ బాగానే ఇచ్చారు. బల్ల బల్లకీ ఒక పేరు. అందరూ ఎవరి పేరు వాళ్ళు వెతుక్కున్నారు, పరీక్ష ఫలితాలు చూసే పిల్లల్లాగా, ఒక మూల నుంచి ఇంకో మూలకి. పెట్టె కోసం గాజుగది ఉంది. అందులో బావమరిది పేరు. పన్నెండు మందిలో ఎవరికీ బల్ల లేదు.

అప్పుడు వెనకనుంచి ఒకాయన వేలు పెట్టి కుడివైపు కింది మూల చూపించాడు. ‘గీసినవారు’ అన్న గడిలో తాళాలాయన పొట్టి సంతకం ఉంది.

అది ఆయన పదేళ్ళ కిందట తయారుచేసిన ఖాళీ షీటు. అంచు గీతలు, గడులు, మూలన సంతకంతో సహా పెట్టెలో పెట్టాడు, అందరూ దాని మీదే గీస్తారు. గడిలో పేరు మార్చుకోమని వందసార్లు చెప్పాడు, ఒక్కరూ మార్చరు. ఆ సంగతి ఆ పదకొండు మందికీ తెలుసు. తెలిసినా, ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు చేద్దామని ఆయన నోరు తెరిచాడు. మంగళవారం నుంచి చెప్పిన వైరూ, కరెంటూ, ముసలిపెట్టే అడ్డం వచ్చి నిలబడ్డాయి. అబద్ధం నాలుగు రోజులు మోసిన నోట్లోంచి నిజం వస్తే, అదీ దాని తోబుట్టువులాగే ఉంటుంది.

“తలుపు వేసింది నువ్వే,” అంది అక్క మెల్లగా. “గదీ నువ్వే గీశావా తమ్ముడూ?”

ఒక్కొక్కరే తమ బల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ నెలాఖరుదాకా ఫోల్డరు తెరుచుకోలేదని ఆయన్ని పిలిచినవాళ్ళు లేరు.

ఇదంతా ఎవరైనా తాళాలాయన దగ్గర ఎత్తితే ఆయన చదువుతున్న పేపరు కూడా దించడు.

“శుద్ధ అబద్ధం. కళ్ళు కనబడక నేనే మానేశాను. ఆ పెట్టెకి తాళాలేమిటి, అదేమన్నా ఇనప్పెట్టా? ‘పాతవాళ్ళు’ అని గ్రూపూ లేదు, గాజుగదీ లేదు. ఇక అక్కంటారా, ఆ ఆఫీసులో నన్ను తమ్ముడూ అని పిలిచిన మనిషి ఎవరూ లేరు.”