చలిపొద్దున బస్సు పొగ

మొన్న సిద్దిపేట బస్టాండు మలుపులో ఒక పాత బస్సు మా మొహాల మీద నల్లటి పొగ వదిలి వెళ్ళిపోయింది. ఆ డీజిలు వాసన తగలగానే, యాభై దాటిన నేను, పక్కనున్న చెల్లెలు సుజాత చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నాకు ఆ వాసనంటే భయం. చిన్నప్పుడు మాత్రం అదంటే ప్రాణం.

అప్పట్లో మేము బస్టాండు వెనక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మానాన్నలను అవ్వా, బాపూ అనేవాళ్ళం. బాపు మగ్గం నేసేవాడు. చలికాలం పొద్దున్నే బస్సులను స్టార్టు చేసి, ఇంజను వేడెక్కేదాకా అట్లాగే వదిలేసేవారు. ఆ గుడగుడకే నాకూ, మా వాడ పిల్లలకూ మెలకువ వచ్చేది, చేతిలో జొన్నరొట్టె ముక్కతో పరుగెత్తి, వెనక గొట్టం ముందు కూర్చుని వెచ్చటి పొగకు అరచేతులు చాపేవాళ్ళం, గొట్టానికి పేరుకున్న మసితో ఒకరికొకరం మీసాలు దిద్దుకునేవాళ్ళం, డ్రైవరు తిట్టుకుంటూ దిగితే పారిపోయేవాళ్ళం. పండుగ సకినాలు కూడా అక్కడే తినేవాళ్ళం, కాస్త డీజిలు రుచితో.

చెల్లెకు దమ్ము రోగం, అంటే ఆయాసం ఉండేది. దాన్ని ఆ పొగ దగ్గరికి తీసుకుపోవద్దని అవ్వ రోజూ చెప్పేది. నేను ఒకరోజు తీసుకుపోయాను, వెంటపడి ఏడుస్తోందని. ఇంటికొచ్చేసరికి దాని రొమ్ము ఎగసిపడుతోంది, పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

"పొగ కాడికేమన్న తీస్కపోయినవా?" అని అవ్వ అడిగింది.

లేదన్నాను. మూతి మీది మసి అప్పటికే తుడిచేసుకున్నాను.

పొగ కాదంటే ఇక దిష్టేనని అవ్వ తేల్చింది. ఉప్పు, ఎండుమిరపకాయలు దాని చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే మిరపకాయల ఘాటు రాదని మా ఇళ్ళలో నమ్మకం. ఆ రోజు ఘాటు వచ్చింది, ఇల్లంతా కమ్ముకుంది. మేమందరం దగ్గాం. చెల్లె దగ్గలేదు. నోరు తెరిచి నన్నే చూస్తోంది, ఆ నోట్లోంచి ఏ చప్పుడూ రావడం లేదు. చచ్చిపోతుందనే అనుకున్నాను.

"అవ్వా, నేనే తీస్కపోయిన" అన్నాను.

అవ్వ నన్ను కొట్టలేదు. బాపు మగ్గం గుంటలోంచి లేచి, దాన్ని భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తాడు. ఇంకాసేపైతే దక్కేది కాదని డాక్టరు అన్నాడట.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, మగ్గం లేదు, పొగకు చేతులు చాపే పిల్లలూ లేరు. మొన్న ఆ పాత బస్సు పోయాక మేము ఎక్కింది కొత్త కరెంటు బస్సు. పొగ లేదు, మోత లేదు. చెల్లె ముక్కు మీది కొంగు తీసేసి, కిటికీ పక్కన కూర్చుని, "మంచిగుంది గదక్కా" అంది. నేనూ నవ్వాను. బస్సు కదిలింది. ఇన్నేళ్ళూ ఏ బస్సెక్కినా ఇంజను మోతలో కలిసిపోయినది, ఆ నిశ్శబ్దంలో నాకు వినపడింది. చెల్లె రొమ్ములో సన్నగా పిల్లికూతలు.