అక్క ఇవ్వని నెత్తురు

దయ్యం ఉందని ఎవరైనా అంటే, "గాజుగొట్టంలో పట్టుకురండి, పరీక్ష చేసి చెప్తా" అనేవాణ్ణి. తిరుపతిలో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి మరి. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. జరిగింది మాత్రం చెప్తాను.

మా అక్క రంగనాయకి కార్వేటినగరంలో టీచరు. చిన్నప్పటి నుంచీ భారీ మనిషి. నలభై ఏళ్లకే మోకాళ్లు అరిగి, బడి మెట్లు నాలుగెక్కితే రొప్పేది. చిన్నపేగులో చాలా భాగాన్ని తిండి దారి నుంచి తప్పిస్తే బరువు తగ్గుతుందని, మద్రాసులో ఒక సర్జన్ ఆ ఆపరేషన్ చేస్తాడని విన్నది. అది ఎనభయ్యో దశకం మొదట్లో. ఇంటిల్లిపాదీ వద్దన్నా వెళ్లింది.

సర్జన్ మంచివాడు, ఏదీ దాచలేదు. విరేచనాలవుతాయి, ఒంట్లో లవణాలు పోతాయి, పొటాషియం పడిపోతే గుండె ఆగొచ్చు, బతికినంత కాలం నెలనెలా రక్తపరీక్ష తప్పదు అన్నాడు. అక్క అన్నీ నోటుబుక్కులో రాసుకుంది. బల్ల మీదే పోయే ప్రమాదం ఎంత అని కూడా అడిగింది. నేను పక్కనే ఉన్నాను. అంత గుండె నిబ్బరం మా వంశంలో ఇంకెవరికీ లేదు.

ఏడాదిలో సగం మనిషైంది. ప్రతి నెలా బస్సులో వచ్చి నా దగ్గరే రక్తం ఇచ్చేది. గొట్టం మీది ప్లాస్టర్ ముక్కపై తన పేరు తనే గుండ్రంగా రాసేది. నా రాత కోడి గెలికినట్టుంటుందని వెక్కిరింపు.

తర్వాత రెండు నెలలు రాలేదు. "బాగుండానురా, ఊరికే ఎందుకు పొడిపించుకునేది?" అంది. పైగా ఏకాదశి ఉపవాసంతో తిరుమల మెట్లెక్కుతానంది. పాపం, జన్మలో ఎక్కింది లేదు. ముందు రక్తం ఇచ్చి కదలమని కేకలేశాను. "కొండ దిగినాక ఇస్తాలేరా" అని నవ్వింది.

ఆ ఏకాదశి పొద్దున వార్డుల నుంచి వచ్చిన ట్రేలో అక్క పేరున్న గొట్టం కనబడింది. అవే గుండ్రటి అక్షరాలు. పోనీలే, మాట విన్నది అనుకున్నాను. మొదటి విడతలోనే దాని ఫలితం వచ్చింది. పొటాషియం ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. మళ్లీ చేశాను, అదే అంకె.

సైకిలు మీద అలిపిరి చేరి మెట్ల వెంబడి పరుగెత్తాను. మూడొందల మెట్ల పైన అక్క ఒక మంటపం స్తంభానికి ఆనుకుని కూర్చునుంది. నీళ్లు తాగమని బావ బతిమాలుతున్నాడు, ఏకాదశని ఆమె తాగడం లేదు.

"కాళ్లు నావి కాదురా. మొద్దుల మాదిరి ఉండాయి" అంది. నాడి రెండు కొట్టి ఒకటి తప్పుతోంది.

నలుగురం కిందికి మోశాం. "ముందైతే పదిమంది కావాల్సుండె" అంది, ఆ స్థితిలో కూడా! నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

ఆస్పత్రిలో మళ్లీ రక్తం తీశాను. పొద్దుటి అంకే. చేతులు రెండూ తిప్పి చూశాను, నా సూది గుర్తు తప్ప ఇంకోటి లేదు. పొటాషియం ఎక్కించాక డాక్టరు, గంట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు. తర్వాత మద్రాసు సర్జనే పేగును మళ్లీ మామూలుగా కలిపేశాడు.

నర్సులెవరూ ఆ పొద్దున ఆమె రక్తం తీయలేదు. "ఆస్పత్రి దిక్కే రాలేదబ్బా, బస్సు దిగి నేరుగా మెట్ల కాడికే పోయినాం" అన్నాడు బావ. పాత రక్తం మిగిలిందనుకుందామా? నిలవ రక్తంలో పొటాషియం ఎక్కువ కనబడుతుంది గానీ తక్కువ కనబడదు.

అక్క మాత్రం ఇప్పటికీ అందరితో, "ఎవురు తీస్తే ఏమి? మావాడు పక్కన పెట్టకుండా సూసినాడు, అందుకే బతికినా" అంటుంది.

నేను పక్కనే పెట్టాను. వార్డు రోగుల పని ముందు, సొంతవాళ్లది మధ్యాహ్నం చూద్దాంలే అని కిటికీ దగ్గర ఉంచాను. రక్తం తిప్పే యంత్రం ఆగాక మూత తీస్తే, అక్క గొట్టం అందులో ఉంది. ఆ గంటసేపు ల్యాబ్‌లో నేనొక్కణ్ణే. ఈ మాట అక్కకు ఇంతవరకూ చెప్పలేకపోయాను.