సొర నూనె అని చెప్పలేకపోయాను

మా వీధిలో సగంమందికి బొడ్డు కోసిన మంత్రసాని మొన్న ఆదివారం పోయింది. కబురు తెచ్చిన ఆమె కోడలు మా పెరటి గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. పురిటి గదిలోకి తప్ప ఆ ముసలమ్మనూ మేమెప్పుడూ లోపలికి పిలవలేదు.

ధవళేశ్వరంలో చేపలు పట్టేవాళ్ల ఇంటి మనిషి. చేతులు మోటు, బిడ్డను పట్టుకుంటే మాత్రం వెన్న. నీళ్లు పోస్తూ బిడ్డనూ బాలింతనూ, ఊరికే నిలబడ్డ మమ్మల్నీ కలిపి తిట్టేది. మా అమ్మాయి పుట్టినప్పుడు ఒకటే పోరు.

"పిల్లని పొద్దుటెండలో పడుకోబెట్టండి బాబుగారూ. ఎముకా మొక్కలాంటిదే, నీడన పెడితే వంగిపోద్ది."

నల్లబడితే ఎవరు చేసుకుంటారని నవ్వాను. కాలువల ఆఫీసులో గుమాస్తాను, నాలుగక్షరాలు వచ్చినవాణ్ణి. మంత్రసాని నాకు చెప్పేదేమిటి? పిల్లను గడప దాటనివ్వలేదు. రెండేళ్లు నిండేసరికి కాళ్లు విల్లులా వంగి దొడ్డికాళ్లు పడ్డాయి. నిలబెడితే ఏడ్చేది.

అప్పుడు పిలవకుండానే వచ్చింది. సముద్రపు ఒడ్డునున్న ఆమె తమ్ముడు కాలువ పడవలో పంపిన సొరచేప కాలేయపు నూనె సీసాతో, కొంగు చాటున. నీచు వాసన సోకని ఇల్లు మాది. మా ఆవిడ తలుపు వేసుకుని, ముక్కు మూసుకుని, రోజూ చెంచాడు పోసి బెల్లం పెట్టేది. ముసలమ్మ పిల్లను పెరట్లో ఎండకు కూర్చోబెట్టి పక్కన కాపలా ఉండేది. ఏడాది తిరక్కుండా మా అమ్మాయి వీధిలో పరుగెత్తింది.

ఏం మందు వేశారని అందరూ అడిగారు. రాజమండ్రి డాక్టరు మందన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! పక్కింటాయన కూతురివీ అవే కాళ్లు. ఆయన పిల్లనెత్తుకుని రెండుసార్లు రాజమండ్రి వెళ్లాడు. అలాంటి మందేదీ లేదన్నారట. తన పిల్ల రాత అంతే అనుకున్నాడు.

మంత్రసాని నన్ను పట్టుకుంది. "నేను చెప్తే గుమ్మంలోంచే పొమ్మన్నారండి. మీరు చెప్తే ఇంటారు. ఒక్క మాట చెప్పండి బాబూ."

రేపన్నాను. ఇంకోసారి అడిగింది, మళ్లీ రేపన్నాను. మూడోసారి అడగలేదు. మా ఇంట చేప నూనె వాడామంటే నలుగురూ వెలివేస్తారని భయం. నా పరువు నిలిచింది. పక్కింటి పిల్ల కాళ్లు వంకరగానే గట్టిపడిపోయాయి.

ఇది చదివి నన్ను ఏమనుకున్నా సరే. పిల్లల్ని తెల్లగా పెంచాలని చీకటి గదుల్లో దాచకండి. కాళ్లు వంగుతున్నాయని తోస్తే ఆ నూనె వెతకండి, ఇచ్చేవాళ్ల కులం అడక్కండి. ఆమె బతికుండగా చెప్పాల్సిన మాటలివి. సిగ్గుతో చచ్చిపోతూ ఇప్పుడు చెబుతున్నాను.

ఆమెను సాగనంపి, తిన్నగా పక్కింటికి వెళ్లి అంతా చెప్పేశాను. ఆయన తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. కూతురివైపు తిరిగాడు.

"దానికి పదేళ్లొచ్చాయండి. ఇప్పుడు పోస్తే తిన్నగా అవుతాయాండి?"

అది చెప్పగలిగిన మనిషిని అప్పుడే కాటికి పంపి వచ్చాను. గడప మీద కూర్చున్న ఆ పిల్ల నా నోటివైపే చూస్తూ, పరికిణీని పాదాలదాకా లాక్కుంది.