పుర్రచేతి కత్తెర

టైలరమ్మ కత్తెర గురించి ఆ వీధిలో ఒక కథ ఉండేది. దాని పక్కన దారపుండ పెడితే చాలట, కత్తెర నోరు తెరవకముందే దారం భయపడి తనంతట తనే తెగిపోయేదట. అలా తెగడం ఎవరూ చూడలేదు. కానీ ఆ కత్తెర పట్టుకున్న ఇంకెవ్వరూ దానితో ఒక్క గుడ్డముక్క కొయ్యలేకపోవడం మాత్రం వీధి వీధంతా చూసింది. పోస్టుమాన్ ఒకసారి సరదాకి ప్రయత్నిస్తే గుడ్డ రెండు రేకుల మధ్య మడతపడి ఇరుక్కుపోయింది. "ఇదేం కత్తెరమ్మా, మనిషిని గుర్తుపడుతోంది!" అని బల్ల మీద పెట్టేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

అందులో మాయ ఏమీ లేదు. అది పుర్రచేతి కత్తెర. మామూలు కత్తెరలో పైన ఉండే రేకు ఇందులో కింద ఉంటుంది. ఆమెకు పని నేర్పిన పెద్దమాస్టరు సాన పట్టేవాడి పక్కన కూచుని మరీ చేయించి ఇచ్చాడు. అంతకుముందు ఏడాదిపాటు ఆమె మామూలు కత్తెరతో పాడుచేసిన గుడ్డంతా కలిపితే ఒక ఓడకు తెరచాప కుట్టొచ్చని ఆయన అంటుండేవాడు. బడిలో టీచరు ఎడమచేతి వేళ్ల మీద స్కేలుతో కొట్టి కొట్టి రాతను కుడిచేతికి మార్పించింది. ఇంట్లో అమ్మ చెంచాను మార్పించింది. మూడోది కత్తెర వంతు అయ్యేసరికి పెద్దమాస్టరు అడ్డుపడ్డాడు. "పిల్లని వదిలెయ్యండి. కత్తెరే మారుతుంది," అన్నాడు.

నలభై ఏళ్లు ఆ కత్తెరతోనే గడిచాయి. తర్వాత రెడీమేడ్ బట్టల కాలం వచ్చింది. మేడ మీది ఆమె గదికి చొక్కాలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు పోయి, ప్యాంటు పొడుగు తగ్గించమనేవాళ్లు మిగిలారు. మెయిన్ రోడ్డు మీద మూడంతస్తుల బట్టల షోరూము తెరిచి, కొన్నచోటే పొడుగు తగ్గించి ఇవ్వడం మొదలుపెట్టాక వాళ్లూ పల్చబడ్డారు. ఆ షోరూము మేనేజరు మర్యాదస్థుడే. ఆమె పనితనం గురించి విని తనే మెట్లెక్కి వచ్చాడు.

"మా ఆల్టరేషన్ కౌంటర్లో కూచోండమ్మా. ఏసీ ఉంటుంది, మెత్తటి కుర్చీ ఉంటుంది. ఇప్పుడున్న మాస్టరుగారు నాలుగు నెలల్లో మానేస్తున్నారు. ఆలోగా చెప్పండి."

ఆమె వెళ్లి చూసింది. గది చల్లగా ఉంది, కుర్చీ మెత్తగానే ఉంది. కత్తెరలు మాత్రం బల్లకు కుడిపక్కన సన్నటి గొలుసుతో కట్టేసి ఉన్నాయి. ఎడమచేత్తో అందుకుంటే గొలుసు బల్ల మధ్యదాకా వచ్చి ఆగిపోయింది.

"గొలుసెందుకు బాబూ?"

"కత్తెరలు మాయమైపోతున్నాయమ్మా."

"అయితే నా కత్తెర నేను తెచ్చుకుంటాలే."

"బయటి కత్తెరలు లోపలికి రానివ్వరండి. గేటు దగ్గరే ఆపేస్తారు. అయినా రెండు వారాలు పట్టుకుంటే కుడిచేతికే అలవాటైపోతుంది, చూస్తూ ఉండండి."

ఈ మాట ఆమె ఏడేళ్లప్పుడు విన్నది. అరవై దాటాక మళ్లీ వింటానని అనుకోలేదు.

ఆమె భర్త పాతకాలపు ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేసి మానేసినవాడు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరసలుగా పేర్చడం ఆయన పని. ఆ అక్షరాలు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటాయి, కాగితం మీద పడ్డాకే సరిగా కనిపిస్తాయి. ముప్పై ఏళ్లు వాటితో కాపురం చేసేసరికి ఆయన కళ్లే తిరగబడ్డాయని స్నేహితులు ఏడిపించేవాళ్లు. క్షవరానికి వెళ్తే, అద్దంలో కనిపించే ఎదురుకొట్టు బోర్డును గడగడా చదివేవాడట. బయటికొచ్చి అసలు బోర్డు చూస్తే మాత్రం కూడబలుక్కునేవాడట.

భార్య చెప్పిందంతా విని కంపోజిటరు ఫోను బయటికి తీశాడు.

"చూడవోయ్, నీకు పని వచ్చు. నేర్చుకునేవాళ్లు మాత్రం మెట్లెక్కి రావడం లేదు. వాళ్లంతా ఎక్కడున్నారో తెలుసా? ఇందులో ఉన్నారు. నువ్వు కుట్టు, నేను వీడియో తీసి ఇందులో పెడతా."

"అందులో కుట్టుపని నేర్పేవాళ్లు చీమలబారుల్లా ఉన్నారు. నన్నెవరు చూస్తారు?"

"నేను చూడట్లేదూ?"

"మీరు చూస్తే అన్నం దిగుతుంది గానీ కొట్టు నడవదు."

చివరికి ఆమె ఒక లెక్క పెట్టుకుంది. నాలుగు నెలల్లో మనవాళ్లు కానివాళ్లు ఒక్కరు, ఒకే ఒక్కరు, తనను చూసి ఒక్క బట్ట కుట్టారని తెలిస్తే షోరూముకు రానని చెప్పేస్తుంది. ఒకరంటూ దొరికితే ఇంకో నలుగురు దొరక్కపోరు. ఎవరూ దొరక్కపోతే కత్తెరను బీరువాలో పెట్టి, గొలుసు కత్తెర పట్టుకుంటుంది.

ఆయన ఫోనును ఆమె తల వెనక, కాస్త ఎత్తులో, అలమర అంచుకు ఎలాస్టిక్‌తో కట్టాడు. బల్ల, ఆమె రెండు చేతులు, పక్కనున్న కుట్టుమిషను, ఎదురుగోడ మీది గడియారం అందులో పడేవి. ఆమెకు ఫోను చూస్తే తలనొప్పి. అందుకని వీడియోలు సరిచేసి పెట్టడం, చూసినవాళ్లు కింద ఏం రాశారో చదివి వినిపించడం అన్నీ ఆయనే చూసుకునేవాడు.

"అద్భుతం అని రాశారోయ్. మీ చేతిలో ఏదో మహిమ ఉందన్నారు. ఇంకొకరు, మాట రావడం లేదన్నారు."

"మాట రానివాళ్లు ఇంత రాశారా?" అనేది ఆమె, గుడ్డ మీద సుద్దగీత గీస్తూ.

మూడు నెలలు గడిచేసరికి చూసేవాళ్లు నలభై ఒక్కరయ్యారు. అందులో ఇరవై ఆరుగురు చుట్టాలు. ముగ్గురు కంపోజిటరే, మూడు వేరువేరు పేర్లతో.

ఒక మధ్యాహ్నం కింది వాటాలో ఉండే ఆడపడుచు మెట్లెక్కి వచ్చింది. మనవరాలు కొత్త ఫోను కొనిపెట్టిందట. వచ్చీ రాగానే వదిన చేతులకేసి ఎగాదిగా చూసింది.

"అదేంటి వదినా, ఇప్పుడు మళ్లీ ఎడమచేత్తో కోస్తున్నావు?"

"నేనెప్పుడూ ఎడమచేత్తోనే కదమ్మాయ్ కోసేది."

"ఫోనులో మాత్రం కుడిచేత్తో గబగబా లాగించేస్తున్నావుగా! అరవై ఏళ్లకి చెయ్యి మార్చావా, లేక మా అన్నయ్య ఇంకో వదినని తెచ్చిపెట్టాడా అని కనుక్కుందామని వచ్చా."

టైలరమ్మ తలనొప్పి సంగతి మరిచిపోయి ఫోను అందుకుంది. బల్ల తనదే. వేళ్లు తనవే, ఉంగరం తనదే. కానీ కత్తెర కుడిచేతిలో ఉంది. కుట్టుమిషను చక్రం ఎడమపక్కకు వచ్చింది. గోడ మీద సెకన్ల ముల్లు హాయిగా వెనక్కి నడుస్తోంది.

"కింద ఏదో రాసుంది, చదువమ్మాయ్."

ఆడపడుచు గొంతు సవరించుకుంది. "'మీ ఇంట్లో గడియారం వెనక్కి తిరుగుతోంది, మా వయసు కూడా కాస్త తగ్గించి పెట్టండి' అంటున్నాడు ఒకడు. 'ఎడమపక్క చక్రం ఉన్న మిషను ఎక్కడ అమ్ముతారు' అని ఇంకొకరు. ఇదిగో, ఇది విను వదినా. 'మీరు చూపించినట్టే మా ఆయనకి చొక్కా కుట్టానండీ. గుండీలు రెండోపక్కకి, ఆడవాళ్ల చొక్కాకి ఉన్నట్టు వచ్చాయి. ఆఫీసులో ఒకటే నవ్వులట.'"

పక్కగదిలో దినపత్రిక చదువుతున్న కంపోజిటరు, పేజీ తిప్పడం మానేసి కదలకుండా కూచున్నాడు.

"ఏమండీ!"

ఆయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"తిరగేసి పెట్టారా?"

"అచ్చులో అక్షరం తిరగేసి పేరిస్తేనే కదోయ్ కాగితం మీద సరిగా పడేది. చూసేవాళ్లంతా కుడిచేతివాళ్లాయె. నిన్ను ఉన్నదున్నట్టు పెడితే వాళ్లకి తికమక. అందుకని ముందే తిప్పేస్తే..." ఆయన ఆగాడు. "గడియారం సంగతి ఆలోచించలేదు."

"మరి అద్భుతం, మహిమ?"

"తప్పులున్నవి తీసేసి, మంచివి పేర్చి చదివాను."

"మంచివెన్ని ఉన్నాయేం?"

"అవీ నేనే పేర్చాల్సి వచ్చింది," అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది. ఆయనకు ఒక్కసారిగా హుషారొచ్చింది.

"ఒక్క విషయం! గుండీలు ఎటుంటే ఏం, ఆ అమ్మాయి కుట్టింది కదా? మనకి చుట్టమూ కాదు. నువ్వు పెట్టుకున్న లెక్క తీరిపోయిందోయ్!"

ఆమె ఫోనును బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఆ అమ్మాయి చూసింది నన్ను కాదండీ. బడిలో టీచరు తయారు చెయ్యాలనుకున్న మనిషిని. ఆవిడ స్కేలు పుచ్చుకున్నా ఆ మనిషిని తేలేకపోయింది. మీరు ఫోనుతో తెచ్చిపెట్టారు."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు తేలికగా ఉండేది. ఆ సాయంత్రమంతా కంపోజిటరు, చేసేదేమీ తోచక, గదిలోని గుండీల డబ్బాలను రంగుల వారీగా సర్ది, మళ్లీ సైజుల వారీగా సర్దాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోనుకు ఎలాస్టిక్ తనే బిగించింది. "ఇవాళ తిప్పొద్దు. ఉన్నది ఉన్నట్టు పెట్టండి," అంది. గడువుకు మూడు వారాలే మిగిలాయి.

ఆ రోజు చొక్కా కుట్టలేదు. మామూలు కత్తెర ఒకటి తెప్పించి, దాన్ని ఎడమచేత్తో పట్టుకుని గుడ్డ కోసి చూపించింది. గుడ్డ మడతపడింది. "ఇలా అవుతోందా? తప్పు మీ చేతిది కాదు. ఈ రేకు అడ్డమొచ్చి గీతను మీకు కనపడనివ్వదు. రెండు రేకుల్నీ మీ వేళ్లే దూరంగా తోసేస్తున్నాయి," అంది. తర్వాత తన కత్తెర అందుకుంది. "నాది పుర్రచెయ్యి. ఇన్నాళ్లూ మీకు కుడిచేతిలా కనిపించాను, అది మావాళ్ల పొరపాటు. ఇకమీదట ఇంతే." గుండుసూదులు ఎలా గుచ్చాలో కూడా చూపించింది. తలలన్నీ ఎడమవైపుకు ఉండాలి, అప్పుడు తీసేటప్పుడు చెయ్యి మెలితిప్పుకోనక్కర్లేదు.

వారం తిరిగేసరికి నలభై ఒక్కరు ముప్పై ఇద్దరయ్యారు. వెళ్లిపోయినవాళ్లలో చుట్టాలూ ఉన్నారు. ఇప్పుడు కంపోజిటరు ఏదీ తీసెయ్యకుండా చదువుతున్నాడు. "'చూస్తుంటే కళ్లు తిరుగుతున్నాయి, మళ్లీ మామూలుగా పెట్టండి' అన్నారు."

"సరే, ఇంకేమన్నారు?"

"అంతే." అబద్ధం ఒక్కటి నాలుక చివరిదాకా వచ్చింది గానీ మింగేశాడు.

పదోరోజున ఒక నర్సు రాసింది. "నేనూ పుర్రచెయ్యే. బ్యాండేజీ గుడ్డ కోస్తే ఎప్పుడూ వంకరే. లోపం నాలోనే ఉందనుకున్నాను ఇన్నేళ్లూ." ఆమె పనిచేసే ఆసుపత్రిలో అలాంటివాళ్లు ఇంకో ఐదుగురట, అందరికీ చూపించిందట. ఆ తర్వాత ఒక పళ్ల డాక్టరు, ఒక పూలకొట్టు ఆవిడ, కవల పిల్లల్లో ఒకడిది పుర్రచెయ్యని చెప్పిన తల్లి రాశారు. ఎవరూ అద్భుతం అనలేదు. అందరూ ప్రశ్నలే అడిగారు. అలాంటి కత్తెర ఎవరు చేస్తారు, టేపు ఏ కొస నుంచి పట్టాలి, మిషను చక్రం దూరమైతే ఏం చెయ్యాలి అని. టైలరమ్మ ఒక్కోదానికీ ఒక్కో వీడియో చేసింది. కానీ ఏదో ఒకటి కుట్టానని మాత్రం ఎవరూ రాయలేదు.

గడువు ఇంకా రెండు రోజులుందనగా, ఒక లారీ డ్రైవరు దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. లారీ బానెట్ మీద ఒక పైజమా పరిచి ఉంది. ఒక కాలు ఇంకో కాలి కంటే బెత్తెడు పొట్టి. నడుము దగ్గర కుట్టు పాములా మెలికలు తిరిగింది.

"ఇది పైజమానా, రోడ్డు మ్యాపా?" అన్నాడు కంపోజిటరు.

ఆమె ఫోనును కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. పొట్టి కాలి అంచు ఇంకా కుట్టలేదు, గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. పదకొండు సూదులు. ఒక్కొక్కదాన్నీ వేలితో తాకుతూ లెక్కపెట్టింది. పదకొండింటి తలలూ ఎడమవైపుకే ఉన్నాయి.

పెద్దమాస్టరు గుచ్చితే కుడివైపుకు ఉండేవి. వీధిలో, షోరూములో, ఫోనులోని చీమలబారుల్లో ఎవరు గుచ్చినా కుడివైపుకే ఉంటాయి. నలభై ఏళ్లలో ఇంకొకరి చేతిలో ఇలా గుచ్చి ఉండటం ఆమె చూడటం ఇదే మొదటిసారి. కళ్లజోడు తీసి తుడుచుకుంది. అద్దాలు బాగానే ఉన్నాయి.

"ఏమోయ్, ఇది లెక్కలోకి వస్తుందా?" అని మెల్లగా అడిగాడాయన.

"పొట్టి కాలు విప్పేసి మళ్లీ కుట్టమని రాయండి. అంచు పట్టేటప్పుడు గుడ్డ సాగదియ్యకూడదని చెప్పండి." తర్వాత అంది, "వస్తుంది."

గడువు రోజున మేనేజరు మెట్లెక్కి వచ్చేసరికి గదిలో ఆ ఊళ్లోనే ఉండే నర్సు, పూలకొట్టు ఆవిడ టైలరమ్మకు చెరోపక్క కూచుని, ఎడమచేతులతో పాతదుప్పటి కోస్తున్నారు. వారానికి రెండు రోజులు వచ్చి నేర్చుకోవడానికి ఒప్పందం.

"నేను రాను బాబూ. ఏమీ అనుకోకు."

"ఫోనులో వీడియోలు చేస్తున్నారట కదమ్మా. ఎంతమంది చూస్తారేంటి?"

"నూట పన్నెండు మంది."

ఆయన మర్యాదగా నవ్వాడు. "మా షోరూముకి గంటలో అంతమంది వస్తారండి."

"వస్తారు, కాదన్నదెవరు? వాళ్లలో పుర్రచేతివాళ్లెంతమందో కనుక్కున్నావా?"

మేనేజరు బల్ల మీద కదులుతున్న మూడు ఎడమచేతులకేసి చూసి, టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కంపోజిటరు ఫోను పట్టుకుని భార్య చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణం చేశాడు.

"మళ్లీ ఏమొచ్చింది?"

"ఎవరో కుడిచేతాయన రాశాడోయ్. నీ పని బాగా నచ్చిందట. తనకి మాత్రం అంతా తిరగబడి కనిపిస్తోందట. ఒక్క వీడియో తనకోసం తిప్పి పెట్టగలరా అని..." గొంతులో ఆశ దాచుకోలేకపోయాడు. "ఆ పని నాకొచ్చు."

ఆమె దారం కొసను పళ్లతో కొరికి తెంపి, చాలాసేపు ఆలోచించినట్టు నటించింది.

"ఒక్కటే. తిప్పామని పైన పెద్దక్షరాలతో రాయండి."

కంపోజిటరు అప్పుడే కూచుని, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, సీసం పేర్చినంత శ్రద్ధగా రాశాడు: "కుడిచేతివారి సౌకర్యార్థం తిరగేయబడినది. గుండీలను నమ్మవద్దు. గడియారాన్ని అసలే నమ్మవద్దు."